మొగం లేని కుండ

గద్వాల కురుమూర్తికి ఉన్నది ఒకటే పిచ్చి. ఎవరు ఏ బండి కొనబోయినా సరే, ముందు అందులో కుండల్ని కూర్చోబెట్టి, బండిని తీసుకుపోయి గోడకు కొట్టి చూడాలి. కుండలు బతికి బయటపడితే "కొనుండ్రి" అనేవాడు. పగిలితే "వద్దు" అనేవాడు. ఎందుకు వద్దో చెప్పమని ఎంత బతిమాలినా నోరు విప్పేవాడు కాదు. పగిలిన పెంకులు ఏరి సంచిలో వేసుకొని, దొరికిన బస్సెక్కి గద్వాలకు వెళ్లిపోయేవాడు.

చీరలు నేసుకునే మనిషికి బండ్లతో ఏం పని అని మీకు అనుమానం రావచ్చు. గద్వాలలో అందరికీ వచ్చింది. టీవీలు అప్పుడప్పుడే ఊళ్లలోకి దిగుతున్న రోజుల్లో, చేనేత సంఘం ఆఫీసులో జనమంతా కూర్చొని చూస్తుంటే, ఏదో పరాయి దేశంలో కొత్త కారును కావాలని గోడకు కొట్టడం చూపించారు. లోపల మనుషులకు బదులు నిలువెత్తు బొమ్మలు. చూస్తున్నవాళ్లంతా బంగారంలాంటి కారు పాడుచేశారే అని నొచ్చుకున్నారు. కురుమూర్తి మాత్రం టీవీ దగ్గరికి జరిగి, బొమ్మల తలలు ఎటు వాలాయో, తలుపు ఎక్కడ ఊడిందో చూశాడు. బయటికొచ్చి చెప్పులు తొడుక్కుంటూ ఆయనన్న మాట మర్నాటికి ఊరంతా పాకింది.

"వాళ్లు గోడకు కొట్టి చూసి కొంటరు. మనం కొన్నంక గోడకు కొడ్తం."

నిలువెత్తు బొమ్మలు మనకెక్కడ దొరుకుతాయి? కుమ్మరి ఇంటికి పోయి కుండలు తెచ్చాడు. వాటి నిండా నీళ్లు పోసి, మూతికి గుడ్డ కట్టి, సున్నంతో కళ్లూ ముక్కూ గీశాడు. మొదట ఒక రిక్షా మీద పరీక్ష చేశాడు. కుండను రిక్షాలో కూర్చోబెట్టి కోట పక్కన దిబ్బ మీంచి వదిలాడు. కుండ దక్కింది, రిక్షా దక్కలేదు. లబోదిబోమంటున్న రిక్షా మనిషికి కొత్త చక్రం కొనిచ్చి, మనిషిని కాపాడి తాను పోయిన బండి, ఇంతకన్నా మంచి బండి ఉండదు అని వెన్ను తట్టాడు. తర్వాత ఒక పంతులు కొత్త స్కూటరు వంతు వచ్చింది. వెనక సీటు మీద పంతులమ్మకు బదులు బొట్టు పెట్టిన కుండను కట్టారు. మొదటి గతుకులోనే కుండ ఎగిరి చెరుకురసం బండి మీద పడింది. ఆ రోజునుంచి పంతులమ్మ స్కూటరు ఎక్కితే ఒట్టు. పంతులు ఎండలో స్కూటరు తన్నుకుంటూ పోతుంటే, ఆమె బస్సు కిటికీలోంచి చెయ్యూపుతూ ముందే బడికి చేరేది.

ఇదంతా ఆయన నేతపనిలోంచి వచ్చిందే. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. దేనికది గట్టిదే, తెగితే రెండూ కలిసిన అతుకు దగ్గరే తెగుతుంది. బతుకంతా ఆ అతుకును లాగి చూసిన చెయ్యి ఊరుకోదు కదా. పిల్లను చూసుకోవడానికి పోయినచోట కూడా కుర్చీ కాళ్లు పీకి చూస్తేగాని కూర్చునేవాడు కాదు. ఒక కాంట్రాక్టరు తెచ్చిన జీపు తలుపును అలాగే లాగి చూసి వద్దన్నాడు. కాంట్రాక్టరు నవ్వి కొనుక్కున్నాడు. ఖిల్లా ఘణపూర్ మలుపులో జీపు ఒక దిక్కు పోతే, తలుపు ఒక దిక్కు పోయి పల్లిచేనులో పడుకుంది. ఆ తర్వాత కురుమూర్తి మాట లేకుండా ఆ చుట్టుపక్కల ఎవరూ బండి కొనలేదు. కార్లు అమ్మేవాళ్లు ఆయన పేరు వింటేనే నీళ్లు తాగేవాళ్లు.

ఇప్పుడు సామ్యూల్ సంగతికి రావాలి. వనపర్తిలో రామచంద్రయ్య సేటుకు పల్లి నూనె మిల్లు ఉంది. ఆయన కారు కొందామనుకున్నాడు. కొంటే డ్రైవరు సామ్యూలేనని మాట కూడా ఇచ్చాడు. సామ్యూల్‌ది తెలకపల్లి. చిన్నప్పటినుంచీ అమ్మానాన్నల వెంట కాల్వపనులకు, కట్టపనులకు ఊళ్లు పట్టుకు తిరిగినవాడు. ఆ పనుల దగ్గరే టిప్పరు నడపడం నేర్చుకొని లైసెన్సు తెచ్చుకున్నాడు. తన ఊరి బస్సు బోర్డు కనిపించే దూరంలో ఉద్యోగం చేయడం ఆయనకు అదే మొదటిసారి అవుతుంది. పైగా మిల్లు వెనక వీధిలోనే కాపురం, భార్య బుజ్జమ్మకు నెలలు నిండుతున్నాయి. సామ్యూల్ పుట్టినప్పుడు వాళ్ల నాన్న ఎక్కడో కట్ట మీద మట్టి మోస్తున్నాడు. కొడుకు పుట్టాడన్న కబురు ఆయనకు చేరేసరికి కొడుకు బోర్లా పడుతున్నాడట. తన బిడ్డ విషయంలో అట్లా కాకూడదని సామ్యూల్ పట్టుదల.

కారు వస్తే ఉంటాడు. రాకపోతే బిజినేపల్లి మేస్త్రీ గుంపుతో బొంబాయి పోవాలి. మధ్యలో మూడో దారి లేదు. ఆ రెండింటి నడుమా కుండలు పట్టుకొని కురుమూర్తి కూర్చున్నాడు.

ఆయన్ను పిలిపించింది సేటు కాదు, సేటు తల్లి లక్ష్మీదేవమ్మ. మిల్లు అరుగు మీద నులకమంచం వేసుకొని, అక్కడినుంచే మిల్లునూ కొడుకునూ నడిపే మనిషి. కురుమూర్తి ఔనన్న బండే తన గడప ముందు ఆగాలని ఆమె తేల్చి చెప్పింది. తల్లి మాటకు ఎదురు చెప్పే అలవాటు రామచంద్రయ్యకు ఉయ్యాలలోనే పోయింది.

మిల్లు ఆవరణలో గేటునుంచి గోదాము దాకా నేల ఏటవాలుగా ఉంటుంది. కింద పల్లిపొట్టు బస్తాలు నిలువెత్తున పేర్పించి, అదే తన గోడ అన్నాడు కురుమూర్తి. పొట్టుబస్తాలైతే కారుకు దెబ్బ తగలదు, లోపలివాళ్ల సంగతి తేలిపోతుంది. మగ్గం తాడుతో స్టీరింగును కదలకుండా కట్టి, ఇంజను ఆపి, పైనుంచి హమాలీలతో తోయించాలి. కుండలు నాలుగు. వెనక సీట్లో రామచంద్రయ్య కుండ, దానికి గుబురు మీసం. పక్కన లక్ష్మీదేవమ్మ కుండ, రూపాయంత బొట్టు. ముందు సీట్లో మిల్లు గుమాస్తా కుండ, కళ్లజోడు. ఇక డ్రైవరు కుండ. దానికి కళ్లు లేవు, ముక్కు లేదు, ఏమీ లేదు. ఉత్త కుండ.

కుండల్ని సీట్లలో పెట్టే పని సామ్యూల్‌దే. మొదటిరోజే ఆయన అది గమనించి, నవ్వుతూనే అడిగాడు.

"పెద్దయ్యా, డ్రైవరు కుండకు మొగం గీయలేదేంది?"

"సున్నం అయిపోయింది" అన్నాడు కురుమూర్తి.

ఆయన పక్కనే సున్నం డబ్బా ఉంది. సామ్యూల్ అందులోకి తొంగిచూశాడు. కుండకేం ఖర్మ, మిల్లు గోడలన్నిటికీ వెల్ల వేయవచ్చు. ఆయన నవ్వు అక్కడే ఆగిపోయింది.

మొదటి కారు పైనుంచి దొర్లుకుంటూ వచ్చి బస్తాల్లో మూతి పెట్టింది. లోపల ఏదో పగిలిన చప్పుడైంది. కురుమూర్తి తలుపు తీసి తల లోపలికి పెట్టి, బయటికి తీసి, "వద్దు" అన్నాడు. రెండో కారు వచ్చినప్పుడు లక్ష్మీదేవమ్మ కుండ కూడా పగిలి, బొట్టున్న పెంకు ఎగిరొచ్చి సరిగ్గా ఆమె మంచం కాళ్ల దగ్గర పడింది. నీళ్ల కుండ పగలగొట్టేది ఎక్కడో తెలిసిన మనిషి కదా, ఆమెకు కోపం రాకుండా ఎట్లా ఉంటుంది? తాను బతికుండగానే తన కుండ పగలగొట్టాడని మండిపడి, నిమ్మకాయ దిష్టి తీయించుకొని, కురుమూర్తితో మాట్లాడ్డం మానేసింది. అయినా ఆయన ఔనన్న కారే కావాలన్న పట్టు మాత్రం మానలేదు. కోపం వేరు, కారు వేరు అంది.

మూడో కారు పెద్దది. అది బస్తాలను గుద్దినప్పుడు హమాలీలు కూడా ఊపిరి బిగబట్టారు. సామ్యూల్ పరుగెత్తి వెనక తలుపు తీశాడు. సేటు మీసం చెక్కుచెదరలేదు. అవ్వ బొట్టు అట్లాగే ఉంది. ఒక్క చుక్క నీరు ఒలకలేదు. ఆయనకు గుండె నిండిపోయి, బుజ్జమ్మకు చెప్పడానికి అక్కడినుంచే పరుగు తీద్దామనుకున్నాడు. ముందు సీటు దగ్గర వంగి ఉన్న కురుమూర్తి లేచాడు. చేతిలో పెంకులున్నాయి.

"వద్దు" అన్నాడు.

ఆ రోజు ఇంటికి పోయి సామ్యూల్ అన్నం ముందు కూర్చొని తినకుండా లేచాడు. ముసలాయనకు నీ మీద ఏమన్నా పగ ఉందా అని బుజ్జమ్మ అడిగింది.

"పగ ఉండాలంటే నేను లెక్కల ఉండాలె గద" అన్నాడు సామ్యూల్. "అందరికి మొగాలు గీసిండు. గుమాస్తాకు కళ్లజోడు గుడ పెట్టిండు. నా కుండకు మొగమే లేదు. ఆయన మనసుల నేనెంతనో గక్కడనే తెలుస్తలేదా?"

బుజ్జమ్మ పొయ్యి దగ్గర కూర్చొని పొట్ట మీద చెయ్యి వేసుకుంది. బొంబాయికి పోవడానికి ఆయన బట్టలు ఎప్పుడు సర్దాలా అని ఆలోచిస్తున్నదని సామ్యూల్‌కు తెలిసిపోయింది. ఆమె పైకి అడిగినా అంత బాధ అనిపించేది కాదు.

నాలుగో కారు వచ్చిన రోజే మేస్త్రీ కూడా వచ్చాడు. ఆ కాలానికి అదే ఆఖరి గుంపు. జనమంతా మూటలతో బస్టాండులో కూర్చున్నారు, సాయంత్రం బస్సుకు వస్తావా రావా అని మిల్లు గేటుకు ఆనుకొని నిలబడ్డాడు. ఇటు కారు తెచ్చిన మనిషి, టై కట్టుకొని, చెమట తుడుచుకుంటూ, ఇంతకన్నా మంచి కారు తమ దగ్గర లేదని, ఇది కూడా వద్దంటే తాను ఇక వనపర్తి దిక్కు రానని సేటుకు చెబుతున్నాడు. రామచంద్రయ్యకు కూడా విసుగొచ్చింది. ఇది కాకపోతే కారు మాటే మరిచిపోతానన్నాడు. నడుమ సామ్యూల్ కుండలు మోసుకుంటూ, అందరి మాటలూ విన్నాడు.

కురుమూర్తి గోడ చూసుకోవడానికి కిందికి పోయాడు. బస్తాల్ని ఒక్కొక్కటే తట్టి చూడందే ఆయనకు తోచదు. ఆ కాస్త సందులో సామ్యూల్ జన్మలో చేయని పని చేశాడు. గోదాములోంచి ఖాళీ గోనెసంచులు తెచ్చి, మడతలు పెట్టి, సేటు కుండ కిందా వెనకా కుక్కాడు. అవ్వ కుండ చుట్టూ కుక్కాడు. పోయినసారి పగిలింది ఇదేననుకొని గుమాస్తా కుండకు మెడచుట్టూ కూడా చుట్టి, పైన సీటు గుడ్డ సర్దాడు. ఆదివారం చర్చిలో ఏ మొగం పెట్టుకొని కూర్చుంటానా అని ఒకవైపు అనిపిస్తూనే ఉంది. ఇంకోవైపు బుజ్జమ్మ పొయ్యి దగ్గర కూర్చున్న తీరు కళ్లముందునుంచి పోలేదు. పని ముగించి, తలుపులు వేసి, ఏమీ తెలియనట్టు నిలబడ్డాడు.

కురుమూర్తి పైకొచ్చి స్టీరింగుకు తాడు బిగించాడు. అతుకుల్ని అలవాటుగా ఒక్కొక్కటీ లాగి చూశాడు. డ్రైవరు తలుపు పక్కనున్న ఇనుప కంబం దగ్గర ఆగి, అక్కడున్న బొక్కలో వేలు పెట్టి, అదెందుకని టై మనిషిని అడిగాడు. అది సీటు బెల్టు, అంటే మనిషిని సీటుకు కట్టే పట్టీ, బిగించడానికని, కావాలంటే పట్టీ విడిగా కొనుక్కోవాలని, ఇటువైపు ఎవరూ అడగరు కాబట్టి తాము తేలేదని ఆయన చెప్పాడు. కురుమూర్తి తల పంకించి వెనక్కి జరిగాడు. ఆయన వెనక సీటు వైపు చూడకపోవడం చూసి సామ్యూల్‌కు ప్రాణం లేచొచ్చింది.

హమాలీలు తోశారు. కారు మెల్లగా కదిలి, ఏటవాలులో వేగం అందుకుంది. మంచం మీద లక్ష్మీదేవమ్మ లేచి కూర్చుంది. మేస్త్రీ గేటు వదిలి ముందుకొచ్చాడు. సామ్యూల్ కళ్లు మూసుకొని యేసయ్యను తలుచుకోబోయి, చేసిన పని గుర్తొచ్చి ఆగిపోయాడు. కారు దబ్బున గోడలో దూరింది. పొట్టు లేచి ఆవరణంతా కమ్ముకుంది.

పొట్టు తగ్గాక చూస్తే, సేటు కుండ మీసంతో సహా క్షేమం. అవ్వ కుండ క్షేమం. గుమాస్తా కళ్లజోడు పెట్టుకొని అట్లాగే చూస్తున్నాడు. స్టీరింగు కిందినుంచి మాత్రం నీళ్లు కారుతున్నాయి. కురుమూర్తి అక్కడే వంగి చాలాసేపు ఉన్నాడు. లేచి పెంకుల్ని పంచె కొంగుతో తుడిచాడు.

"వద్దు" అన్నాడు.

సామ్యూల్‌కు లోపల ఏదో తెగింది.

"ఎందుకు వద్దు పెద్దయ్యా? సేటు కుండ మంచిగున్నది. అవ్వ కుండ మంచిగున్నది. గుమాస్తా కుండ గుడ మంచిగున్నది. పగలకుండ నేనే గోనెలు కుక్కిన. ఇంక మీకేం కావాలె?"

అన్నాకగాని ఏమన్నాడో ఆయనకు తెలియలేదు. రామచంద్రయ్య వెనక తలుపు తీసి, సీటు గుడ్డ ఎత్తి, మడతపెట్టిన గోనెల్ని ఒక్కొక్కటే బయటికి తీశాడు. టై మనిషి ఆకాశంలోకి చూశాడు. ఇక ఉద్యోగమూ లేదు, పరువూ లేదు అనుకున్నాడు సామ్యూల్. తల దించుకొని, మేస్త్రీ ఎక్కడున్నాడా అని వెతుక్కున్నాడు.

కురుమూర్తి దగ్గరికొచ్చాడు. ఆయన గొంతులో కోపం లేదు.

"అందరి కుండల కింద గోనెలు పెడ్తివి గద. నీ కుండ కింద ఎందుకు పెట్టలే?"

సామ్యూల్‌కు ఆ కుండ సంగతి గుర్తే రాలేదు. గోనెలు చాలక కాదు, గోదాము నిండా ఉన్నాయి. డ్రైవరు కుండ ఏమైతే ఎవరికి కావాలి అని మనసు తనంతట తనే అనుకొని ముందుకు పోయింది.

"గది పగిలితే ఎవరికేంది పెద్దయ్యా" అన్నాడు చివరికి.

"నేను చూసేది గదొక్క కుండనే" అన్నాడు కురుమూర్తి. "ఎనక కూసునేటోళ్లకు ముంగట సీటన్న అడ్డం ఉంటది. నీ ముంగట ఏమున్నది? గా చక్రం, గా అద్దం. బండి ఎవరిదైతే ఏంది, గుద్దినప్పుడు ముంగట ఉండేది నువ్వు."

కారణం చెప్పడం ఆయన జన్మలో అదే మొదటిసారి కాబట్టి, మొదలుపెట్టాక ఆపుకోలేకపోయాడు. టీవీ చూసిన ఏడాదే గద్వాలకు నూలు తెచ్చే లారీ ఒకటి చెట్టుకు కొట్టుకుందట. వెనక నూలు బేళ్లు ఒక్కటి కూడా చెడలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ నూలు బాగుందా అని అడిగి, బాగుందని విని, సంతోషంగా వెళ్లిపోయారట. లారీ నడిపినవాడి పేరు కనుక్కోవడానికి కురుమూర్తి ఎంతోమందిని అడగాల్సి వచ్చిందట.

సామ్యూల్ మనసులోని ముల్లు మాత్రం అడగకుండా ఉండనివ్వలేదు.

"మరి దానికి మొగం ఎందుకు గీయలే?"

కురుమూర్తి కళ్లజోడు సవరించుకొని గోదాము కప్పు వైపు చూశాడు.

"సున్నం అయిపోయింది."

"అబద్ధం" అంది మంచం మీంచి లక్ష్మీదేవమ్మ. రెండో కారు తర్వాత ఆయనతో ఆమె అన్న మొదటి మాట అది. తర్వాత సామ్యూల్ వైపు తిరిగింది. "డబ్బా నిండ ఉన్నది సున్నం. వచ్చినప్పుడల్ల చూస్తున్న. గా కుండ ఒళ్లో పెట్టుకుంటడు, వేలు సున్నంల ముంచుతడు, నీ దిక్కు ఒకపారి చూస్తడు, వేలు తుడుసుకుంటడు. నా మొగం గీసి నా కాళ్లకాడనే పగలగొట్టినోడికి, నీ మొగం గీసి పగలగొట్టేతందుకు మాత్రం చెయ్యి వస్తలేదు."

ఇన్నాళ్లూ తన్ను లెక్కలోకి తీసుకోలేదనుకున్న మనిషి, ఆ ఆవరణలో తన్ను ఒక్కడినే లెక్కలోకి తీసుకున్నాడు. సంతోషపడాలో సిగ్గుపడాలో తెలియక సామ్యూల్ రెండూ పడ్డాడు.

అట్లాంటి సమయంలో నలుగురి కళ్లూ తన మీద పడటం కురుమూర్తికి అస్సలు ఇష్టం లేదు. గబగబా సంచి దగ్గరికి పోయి, పెంకుల అడుగునుంచి ఒక పట్టీ తీశాడు. బెత్తెడు వెడల్పు, బారెడుకు మించిన పొడవు, మగ్గం మీద పేటలు పేటలుగా పోసి నేసిన నూలు పట్టీ. మొదటి కారు పగిలిన రోజునే మొదలుపెట్టాడట. అంచు లేకుండా నేయడం ఆయన చేతికి రాదు కాబట్టి, రెండు పక్కలా ఎర్ర పట్టు, మీద జరీ. పెళ్లిచీరలోంచి కత్తిరించినట్టే ఉంది.

"నేను వద్దన్నది పట్టీ లేని బండిని. పట్టీ ఉన్నది. మూడు బండ్లకు గిది కట్టేతందుకు జాగ లేకుండె" అన్నాడు. "దీనికి బొక్క ఉన్నది. ఇంకొక్కపారి తోయాలె."

మిల్లు ఫిట్టరు వచ్చి కంబం దగ్గరా కిందా పట్టీని బోల్టులతో బిగించాడు. కురుమూర్తి అతుకుల్ని కాలు తన్నిపెట్టి లాగాడు. తర్వాత లాగినవాడు సామ్యూల్. ఆ తర్వాత చూస్తూ ఊరుకోలేక మేస్త్రీ కూడా వచ్చి లాగాడు. అంతా అయ్యాక తెలిసింది, డ్రైవరు సీటుకు కుండ లేదని. తెచ్చినవి అయిపోయాయి. కురుమూర్తి వెనక తలుపు తీసి, గుబురు మీసాల కుండను చంకనెత్తుకొని వచ్చాడు.

"నా కుండనా?" అన్నాడు రామచంద్రయ్య, తెలియకుండానే తన మీసం తడుముకుంటూ.

"జర సేపు నువ్వే డ్రైవరు" అన్నాడు కురుమూర్తి.

సేటు కుండను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, జరీపట్టీని అడ్డంగా చుట్టి బిగించారు. గోనెలు లేవు, గుడ్డలు లేవు. బస్సు టైమవుతోందని మేస్త్రీ గుర్తుచేసి, తానే కదలకుండా నిలబడ్డాడు. ఈసారి సామ్యూల్ కళ్లు మూసుకోలేదు. కారు కదిలింది. వేగం అందుకుంది. అంతకుముందెప్పుడూ తన కుండ సంగతి పట్టించుకోని రామచంద్రయ్య కారు వెంట నాలుగడుగులు పరుగెత్తాడు. దబ్బున చప్పుడైంది, పొట్టు లేచింది. అందరికన్నా ముందు చేరింది ఆయనే.

తలుపు తీశాడు. కుండ ముందుకు వంగి, పట్టీని పట్టుకొని వేలాడుతోంది. మూతి గుడ్డ తడిసింది, మీసం కాస్త చెరిగింది. పగల్లేదు. స్టీరింగుకు జానెడు ఇవతలే ఆగిపోయింది. రామచంద్రయ్య ఆ కుండ వైపు చూశాడు, స్టీరింగు వైపు చూశాడు, తర్వాత సామ్యూల్ వైపు చూశాడు. డ్రైవరు సీటు అంటే ఏమిటో ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది. గోనెల సంగతి మళ్లీ ఎత్తలేదు.

కురుమూర్తి కుండను నాలుగు పక్కలా తట్టి చూశాడు. చెవి ఆనించి విన్నాడు.

"కొనుండ్రి" అన్నాడు. "పట్టీ కట్టుకోకుంటే మాత్రం బండి కదలొద్దు."

మేస్త్రీ బస్టాండుకు ఒక్కడే పోయాడు. సామ్యూల్ ఇంటికి పరుగెత్తాడు. సర్దిన మూట గుమ్మం దగ్గరే ఉంది. ఏమీ అడక్కుండా బుజ్జమ్మ దాన్ని విప్పి బట్టలు మళ్లీ దండెం మీద వేసింది.

కొన్నాళ్లకు ఆమెకు నొప్పులొస్తే, ఆ కారులోనే దవాఖానకు తీసుకుపోయారు. వెనక బుజ్జమ్మ, పక్కన లక్ష్మీదేవమ్మ, ముందు జరీపట్టీ బిగించుకొని పెళ్లికొడుకులా సామ్యూల్. ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఎత్తుకున్న చేతులు సామ్యూల్‌వే.

కబురు విని గద్వాలనుంచి కురుమూర్తి వచ్చాడు. సంచి చూడగానే బుజ్జమ్మకు విషయం అర్థమైంది. బిడ్డను చూడకుండానే, దూలానికి కట్టిన చీర ఉయ్యాల దగ్గరికి పోయాడు. ముడి లాగి చూశాడు, దూలం తట్టి చూశాడు. సంచిలోంచి బుజ్జికుండ ఒకటి తీసి, నీళ్లు పోసి, ఉయ్యాలలో పడుకోబెట్టి, గట్టిగా ఊపి వదిలాడు. ఉయ్యాల గోడ దాకా పోయి వచ్చింది. ఒకప్పుడు ఆయనకు పగ ఉందేమోనని అనుమానపడిన బుజ్జమ్మ, బిడ్డను గుండెకు హత్తుకొని, ఆయన నోటినుంచి మాట వచ్చేదాకా కదలకుండా నిలబడింది.

ఉయ్యాల ఆగింది. కురుమూర్తి కుండను బయటికి తీసి, బిడ్డను వేయొచ్చన్నట్టు చేయి చూపించాడు. బుజ్జమ్మ వేయబోతూ ఆగి, ఆయన చేతిలోని కుండ వైపు చూసింది. దాని మీద కళ్లు లేవు, ముక్కు లేదు.

"తాతా, నా బిడ్డకు మొగం గీయలేదేంది?" అంది.

కురుమూర్తి కళ్లజోడు సవరించుకున్నాడు. ఆయన వేళ్లన్నీ తెల్లగా ఉన్నాయి.

"సున్నం అయిపోయింది" అన్నాడు.